వెనక చక్రం పట్టేసింది, అనుమానం బావమరిది మీద పడింది

బందరులో మా బావమరిది శ్రీను నిశ్చితార్థం. బస్సెక్కితే రెండు గంటల్లో దిగిపోవచ్చు. కానీ పదమూడేళ్లుగా కంటికి రెప్పలా చూసుకుంటున్న కారు ఇంట్లో ఉండగా బస్సేమిటని, ఉదయం ఏడింటికి పటమట నుంచి నేనూ మా ఆవిడ రమా బయల్దేరాం. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు మీదుగా డెబ్భై కిలోమీటర్లు. రోడ్డు బాగుంటుంది, గంటన్నర చాలు. ముహూర్తం పదకొండుకి.

ఉయ్యూరు దాటాక ఏదో కాలిన వాసన మొదలైంది. బండి కూడా వెనక నుంచి ఎవరో పట్టుకుని లాగుతున్నట్టు బరువుగా నడుస్తోంది. నాకు వెంటనే శ్రీనే గుర్తొచ్చాడు. నెల క్రితం రెండు రోజులు కారు వాడుకున్నాడు. సముద్రం పక్కన ఊరు, వెంట స్నేహితులు, బీచ్‌లోకి దింపకుండా ఉంటాడా? పైగా తిరిగి ఇస్తూ, వెనక చక్రం పట్టేస్తోంది బావగారూ, ఓసారి చూపించండి అన్నాడు. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకోవడం ఇదేగా! వాడే ఒప్పుకుంటాడేమోనని చూస్తూ, బండి ఎవరికీ చూపించలేదు.

పామర్రు సెంటర్లో ఆపి చూస్తే ఎడమ వెనక చక్రం పొయ్యిలా కాలుతోంది. ఒళ్లు మండిపోయి అక్కడికక్కడే వాడికి ఫోన్ చేశాను. సముద్రంలోకి దింపావా లేదా అని నిలదీశాను. దింపలేదన్నాడు. "మంచి రోజు పూట అబద్ధాలు ఎందుకురా?" అన్నాను. వాడు ఫోన్ పెట్టేశాడు. ఈ పూట వాడి మనసు పాడు చేశారు, ఇక పీటల మీద ఎలా కూర్చుంటాడో ఏమో అని రమ కళ్లనీళ్లు పెట్టుకుంది.

రోడ్డు పక్క మెకానిక్ పేరు బాషా, యాభై ఏళ్లుంటాయి. చక్రం చల్లారాక విప్పి, లోపలి బ్రేకు డ్రమ్మును సుత్తితో కొట్టడం మొదలెట్టాడు. కొత్తది అంటగట్టే ఎత్తేమోనని పక్కనే కాపలా కూర్చున్నాను. డ్రమ్ము ఊడి వచ్చేసరికి ఎర్రటి తుప్పు పొడి నేల మీద రాలింది. ఉప్పునీళ్ల వల్లే కదా అని ఆశగా అడిగాను.

"ఉప్పునీళ్లయితే బండి కిందంతా తినేసేవండి. కింద శుభ్రంగానే ఉంది," అన్నాడు. "బండి కడిగి, తడి ఆరకుండానే హ్యాండ్ బ్రేక్ లాగి పెట్టేస్తారా?"

అలా పెట్టేది నేనే. ప్రతి శుక్రవారం కారు కడిగి, బొట్టు పెట్టి, హ్యాండ్ బ్రేక్ బిర్రుగా లాగి, మీద కవర్ కప్పేస్తాను. మళ్లీ శుక్రవారం దాకా అది కదలదు. అమ్మవారికైనా ఇంత శ్రద్ధగా అభిషేకం చెయ్యరు అంటుంది రమ. తడి బ్రేకు వారం రోజులు డ్రమ్మును కరుచుకుని ఉంటే తుప్పుతో అతుక్కుపోతుందట. లోపల గరుకు కాగితంతో రుద్ది, బిగుసుకున్న కేబులు వదులు చేసి, ఆరు వందలు తీసుకున్నాడు. కొత్త సామాను ఒక్కటీ వెయ్యలేదు.

పదీ నలభైకి హాలు చేరాం. శ్రీను పట్టుపంచెలో గుమ్మం దగ్గరే ఉన్నాడు. నా మొహం చూడలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. అందరూ వింటుండగానే తప్పు నాదేరా, క్షమించు అన్నాను.

"ఆ బండిలో మా అక్క కూర్చుంటుందని చక్రం సంగతి చెప్పాను బావగారూ, అంతే," అని లోపలికి వెళ్లిపోయాడు.

నెల రోజులు చూపించకుండా వదిలేసి, రమని ఆ చక్రం మీదే ఎక్కించుకొచ్చాను. వాడు చెప్పిన మాట వినడం మానేసి, ఎందుకు చెప్పాడా అని కూపీ లాగుతూ కూర్చున్నాను. పాత కారున్నవాళ్లకి ఒకటే చెబుతాను. కడిగాక రెండు వీధులు తిప్పి, మధ్యలో నాలుగుసార్లు బ్రేకు తొక్కితే తడి ఆరిపోతుంది. రోజుల తరబడి ఆపేటప్పుడు చదును నేల మీద గేర్లో పెట్టి, చక్రానికి ఇటుక అడ్డం పెట్టండి, హ్యాండ్ బ్రేక్ లాగొద్దు. ఇక బండి తీసుకెళ్లినవాడు చక్రం పట్టేస్తోందని చెబితే, ముందు చక్రం విప్పి చూడండి.