పెండ్లి వీడియోకు సౌండ్ తెప్పించిన మొనగాడు

నవ్వకుండా వింటామంటేనే చెప్తా. మొన్న ఆదివారం మా ఇంట్లో అందరి ముందర నా తెలివి తెల్లారిందప్పా!

మా చెల్లెలి పెండ్లి డీవీడీ ఒకటి మా అమ్మ బీరువాలో ఉండె. అది చేతికొచ్చేలోపే ఇంట్లో ప్లేయరు చెడిపాయె, ఇన్నేండ్లూ ఎవురమూ చూసిందే లేదు. సరేలే అని ఆ వీడియోను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, టీవీకి తగిలించిన చిన్న ఆండ్రాయిడ్ డబ్బాకు పెడితి. బొమ్మ వచ్చింది. సౌండ్ లేదు! 'ఈ ఆడియో ఫార్మాట్‌కు సపోర్ట్ లేదు' అని ఒక ముక్క చూపించి ఊరకుండిపాయె.

ఇంకేదన్నా వీడియో అయితే నేనూ ఊరకుందును. అందులో మా నాయన ఉండాడు. ఆయన పోయి ఆరేండ్లు. అప్పగింతలప్పుడు మా బావ చెయ్యి పట్టుకొని రెండు నిమిషాలు ఏందో చెప్పినాడు. ఏం చెప్పినాడో ఎవురికీ తెల్దు! అమ్మ ఏడుస్తాండె, చెల్లెలూ ఏడుస్తాండె. బావనడిగితే, "పెండ్లికొడుకు టెన్షన్‌లో నాకేం ఎక్కుతాది బావా? తలకాయ ఊపినా అంతే" అంటాడు.

మా అమ్మ టీవీ ముందర కూర్చొని, "ఒరే, ఆయన మాట ఒక్కసారి వినిపీరా, చాలు" అనింది. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. "రెండ్రోజులు టైమియ్యి మా! నేను వినిపిస్తా" అంటి.

రెండ్రోజులు కాస్తా ఆరు రోజులాయె. ఫోన్లో చూసి డబ్బాలోకి ఇంకో ప్లేయరు యాప్ ఎక్కిస్తే, సౌండ్ రాకపోగా బొమ్మ పాయె. అన్ని రకాల సౌండ్లూ పలికిస్తాదంట, కోడెక్ ప్యాక్ అని ఇంకోటి ఎక్కిస్తే డబ్బానే బిగుసుకుపాయె. రీసెట్ కొడితే నా భార్య సీరియళ్ల లాగిన్లన్నీ మాయం! "అత్తకు వినిపిస్తానని నాకు కనపడకుండా చేస్తివి కదా" అని ఆ పూట నుంచి ఉత్త చారే పోసింది. స్కూల్లో లెక్కలు చెప్తాండా గానీ మనసంతా ఆ డబ్బా కాడే.

శనివారం సాయంత్రానికి దారి దొరికింది. సౌండ్ ఒక్కదాన్ని డబ్బాకు అర్థమయ్యే రకంలోకి మార్చితి. పెడితే మొదట్లోనే మేళం మోగింది! ఆ సంతోషంలో మిగతాది చూడొద్దా? చూడల్యా! పులివెందులలో చెల్లెలికి, జమ్మలమడుగులో మేనత్తకు ఫోన్లు కొడితి.

"అన్నా, నిజంగా నాయన మాట వినపడ్తాదా?"

"రేపొచ్చి నీ చెవులతో విను!"

ఆదివారం అందరూ దిగినారు. అమ్మ తలకు పోసుకొని, మంచి చీర కట్టుకొని, కుర్చీని టీవీ దగ్గరికి లాక్కునింది. నేను రిమోట్ పట్టుకొని నేరుగా అప్పగింతల కాడికి పోతి. నాయన బావ చెయ్యి పట్టుకున్న్యాడు. నోరు తెరిచినాడు.

సినిమా పాట!

వయొలిన్లు, కోరస్సు, ఎవరో ఆడమనిషి గొంతు. నాయన పెదాలు కదుల్తాండాయి, పైన పాట పోతాంది. ముందుకు జరిపినా అదే పాట, వెనక్కి జరిపినా అదే పాట.

అప్పుడు గుర్తొచ్చింది, నా మొగం మండ! ప్రొద్దుటూరులో ఈ డీవీడీ మిక్సింగప్పుడు పెండ్లి తీసిన వీడియో అన్న పక్కన కూర్చొని పాటలన్నీ ఏరింది ఎవురనుకుంటాండారు? నేనే! "అప్పగింతల కాడన్నా మాటలు ఉంచుదామా సార్?" అని ఆయన అడిగినాడు గూడా. "ఆ ఏడుపులు ఎవురు వింటారన్నా, బోరు! మంచి పాటెయ్యి" అని చెప్పిందీ నేనే.

బావ ఆ వీడియో అన్నకు ఫోన్ కొడితే, "ఒరిజినల్ టేపా? దాని మీద ఆ నెల్లోనే ఇంకో పెండ్లి తీసినా సార్" అన్న్యాడు. చెల్లెలు నా తట్టు ఒక చూపు చూసి లేచి వంటింట్లోకి పాయె. మేనత్తేమో, "మా అన్న ఏం చెప్పినాడో గానీ, పాట మటుకు బాగుందిలేరా" అనింది. నేలలోకి కూరుకుపోతే బాగుండు అనిపించింది.

అమ్మ మటుకు తిట్టలేదు. కుర్చీని ఇంకొంచెం ముందుకు జరుపుకొని, "ఆ పాట ఆపురా" అనింది. "ఆయన మూతి చూస్తే ఏమన్నా తెలుస్తాదేమో. ముందెట్లుండెనో అట్లే పెట్టు."

ఆరు రోజులు కిందామీదా పడి తెప్పించిన సౌండప్పా! నా చేత్తో నేనే మ్యూట్ నొక్కితి.