బావకు మోసుకెళ్లిన బెరడు

మోకాళ్ల నొప్పికని మా అమ్మాయి తెచ్చిన చైనా మాత్రల డబ్బా మీద చెట్టు బెరడు బొమ్మ ఉంది. ముక్క విరిగినా మధ్యన సన్నని తెల్లని దారాలు తెగకుండా సాగి ఉన్నాయి. దాన్ని చూడగానే గుర్తుపట్టాను. ఒక వేసవిలో ఆ బెరడును శుక్రవారం శుక్రవారం ఫుజైరాకు నేనే మోసుకెళ్లాను.

పన్నెండేళ్ల కిందట నేను దుబాయ్ అల్ ఖూజ్‌లో ఒక గోదాములో స్టోర్‌కీపర్‌ని. మా అక్క భర్త ఫుజైరా దగ్గర రాళ్ల క్వారీలో పనిచేసేవాడు. మిషన్ ఆపి మూత్రానికి వెళ్తే ఫోర్‌మన్ కసురుతాడని అక్కడివాళ్లు మండుటెండలో కూడా నీళ్లు తక్కువ తాగేవారు. బావకు నడుం నొప్పి మొదలైంది. వీసా రెన్యువల్ ముందర ఆసుపత్రి పేరెత్తినవాణ్ని ముదీర్, అంటే మేనేజరు, ఇంటికి పంపేస్తాడని క్యాంపులో అందరి భయం.

మా గోదాములోని చైనా మెకానిక్ తన నడుముకు ఆ బెరడు కషాయం తాగేవాడు. అడిగితే వారం వారం ఒక పొట్లం ఇస్తానని, ముందు డాక్టరుకు చూపించాలనీ, కాళ్లు వాస్తే మానేయాలనీ వచ్చీరాని హిందీలో చెప్పాడు. ఆ మాట బావకు చేరవేశాను.

“చైనావోడు మందిస్తుండా, భయం పెడుతుండా బామ్మర్దీ? వీసా ముద్ర పడనీ, అప్పుడు డాక్టరు కాడికి పోత.”

కషాయంతో నొప్పి తగ్గిందనేవాడు. నాలుగో శుక్రవారానికి బూట్లు మడమల దగ్గర అణగదొక్కి చెప్పుల్లా వేసుకున్నాడు. పాదాలు బూట్లలో పట్టడం లేదు. పొట్లం సంచిలోంచి తీయలేదు నేను. బావ వీసా మెడికల్ కాగితం నా ముందు పెట్టాడు.

“సర్కారోడే ఫిట్ అన్నడు. రక్తం తీసిండ్రు, ఛాతీ ఫోటో తీసిండ్రు. ఇంకేం గావాలె నీకు? చెక్క ఇయ్యి, యల్లా, జల్ది.”

కాగితం రెండుసార్లు చదివి, నిజంగానే కుదుటపడి, పొట్లం ఇచ్చాను.

పది రోజులకు మిషన్ పక్కనే పడిపోయాడు. ఆసుపత్రిలో కాకినాడ వైపు నర్సమ్మ ఒకావిడ నన్ను పక్కకు పిలిచింది.

“వీసా పరీక్షలో కిడ్నీలు చూడరండీ. టీబీలాంటి అంటురోగాలే చూస్తారు. ఇన్నాళ్లూ ఏం చేశారండీ?”

నాలుగో రోజున బావ పోయాడు. బెరడు వల్లనా అని ఆమెను అడిగాను, చెప్పలేమంది. తర్వాత దొరికినవన్నీ చదివాను. చైనావాళ్లు దాన్ని నడుముకూ మోకాళ్లకూ వందల ఏళ్లుగా వాడుతున్నారని తెలిసింది. నాకు కావలసిన జవాబు మాత్రం వాటిలో లేదు.

ఇప్పుడు గల్ఫ్‌లో పనిచేసే పిల్లలు రోజూ వీడియోలో కనిపిస్తారు. మొహం కాస్త ఉబ్బితే ఇంట్లోవాళ్లు ఇక్కడినుంచే పసిగట్టి, ఆసుపత్రికి వెళ్లేదాకా ఊరుకోరు. మా రోజుల్లో వారానికొకసారి గొంతు మాత్రమే వినపడేది. బావ అక్కతో బాగున్నానని చెప్పి ఫోన్ నాకిచ్చేవాడు. చివరి శుక్రవారం అక్క నిజం చెప్పమంది. బాగున్నాడనే చెప్పాను.