బాబాయిగారి పద్నాలుగు పాయింట్లు

మా ఎదురింటి బాబాయిగారు పోయారు. రైల్వేలో పాయింట్స్‌మన్‌గా పనిచేసి రిటైరైన మనిషి. ఉదయం కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, వరండాలో కుర్చీలో కూర్చున్నారు. పిన్నిగారు పేపరు తెచ్చి ఇచ్చేసరికి లేరు. పెద్దకర్మ అయిన మర్నాడే, మన కమ్యూనిటీ హాలు పక్క గదిలో నాలుగేళ్లుగా ఉన్న ఆయన రైలు బల్లని బయటికి మోయించి, వరండా గోడకి నిలువుగా ఆనించి పెట్టారు. ఆ పని చేయించింది మన కాలనీ సంఘం కార్యదర్శిగారు. పిన్నిగారిని ఒక్క మాట అడగలేదు. ఇది తప్పు. తప్పుని తప్పు అని మొదట్లోనే రాసెయ్యాలని నేను చదివిన కరపత్రాలు నాకు నేర్పాయి. ఆ తర్వాత ఏం చెయ్యాలో నేర్పింది మాత్రం బాబాయిగారు. అందుకని ఇది ఆయన గురించి.

ఆ బల్ల చూడనివాళ్లకు రెండు మాటలు. రెండు మంచాలు పక్కపక్కన వేసినంత వెడల్పు. దాని మీద మన బెజవాడ. కృష్ణ నీలం రెగ్జిను. వంతెన సైకిలు చువ్వలతో కట్టింది. ఇవతల జంక్షను, ఒక మూల ఇబ్రహీంపట్నం వైపు బొగ్గు బండ్లు వెళ్లే లైను, ఇంకో మూల కంకిపాడు చేలు. కోతలైన చేను రంగు రావాలని అక్కడ ఊక చల్లారు. వీటన్నిటి మధ్య బొటనవేలంత వెడల్పు పట్టాలు, అరచేతిలో పట్టే ఇంజను. బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే చోట్లు పద్నాలుగు ఉన్నాయి. వాటినే పాయింట్లు అంటారు. అక్కడ సన్నని పట్టా మొనలు అటూ ఇటూ జరుగుతాయి. అవి ఏ వైపు ఆనుకుంటే బండి ఆ దారిన పోతుంది. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ బాబాయిగారు చేసింది ఈ పనే. పాయింటు వెయ్యడం, వంగి చూడడం, పడిందని స్టేషను మాస్టరుకు చెప్పడం.

బల్ల మీద పాయింట్లకి సైకిలు బ్రేకు వైర్లు కట్టి, అంచున లివర్లు బిగించుకున్నారు ఆయన. మూడేళ్ల కిందట కుడి భుజం పట్టేసింది. లివరు లాగితే కళ్లలో నీళ్లు తిరిగేవి. ఒకరోజు, మనవరాలు ఆన్‌లైన్ క్లాసులకి వాడి వదిలేసిన టాబ్ పట్టుకుని, నేను పనిచేసే సెల్‌ఫోన్ రిపేరు షాపుకి వచ్చారు.

“అమ్మాయ్, దీని మీద ఇక్కడ వేలు పెడితే అక్కడ పాయింటు మారాలి. అవుద్దా?”

అవుతుందని నాకు తెలుసు. కానీ పుస్తక ప్రదర్శనలో కొన్న కరపత్రాల కట్ట ఆ వారమే పూర్తి చేసి ఉన్నాను. యంత్రాలు మనిషి చేతిలో పని ఎలా లాక్కుంటాయో అందులో వివరంగా ఉంది. షాపులో నలుగురూ ఉండగానే గొంతు పెంచాను.

“పాయింట్స్‌మన్ పని తీసేసే మిషన్ని పాయింట్స్‌మనే వచ్చి అడగడం ఏంటండీ? మీకెలా మనసొప్పింది?”

ఆయన నవ్వి, స్టూలు లాక్కుని కూర్చున్నారు.

“జోరున వాన పడతా ఉంటే, మోకాల్లోతు నీళ్లలో యార్డు చివరిదాకా నడిచెళ్లి పాయింటు వేసొచ్చావా ఎప్పుడన్నా?”

“లేదు.”

“వేసొచ్చినోడెవడూ మిషను వద్దనడమ్మా. మిషనొచ్చింది కాబట్టి ఇంక నువ్వెందుకు పో అంటే, అదీ కూడదనేది. ఆ రెండూ వేరు. నీ పుస్తకంలో ఉందా ఆ ముక్క?”

లేదు.

“పోన్లే, తర్వాత నువ్వు రాద్దువుగాని. ముందు ఇది చెయ్యి.”

అలా మొదలైంది. నాలుగు నెలల పాటు ప్రతి ఆదివారం ఆ గదిలోనే ఉన్నాను. పిన్నిగారు పెసరట్లు పంపేవారు. తిన్న చేత్తో పట్టా ముట్టుకుంటే బాబాయిగారు ఊరుకునేవారు కాదు. తిట్టరు, తన భుజం మీది తువ్వాలు తీసి మన చేతిలో పెడతారు, అంతే. ఒక్కో లివరు తీసేసి, దాని చోట బల్ల కింద అగ్గిపెట్టెలో సగం ఉండే మోటారు బిగించాను. వైఫై అందుకునే చిన్న బోర్డుకి ఆ మోటార్లన్నీ కలిపాను. టాబ్ మీద లైన్ల బొమ్మ గీశాను. పాయింటు మీద వేలు పెడితే మోటారు తిరుగుతుంది, పట్టా మొన జరుగుతుంది, తెర మీద ఆ దారి ఆకుపచ్చ అవుతుంది. ఎంత గర్వపడ్డానో చెప్పలేను.

మొదటిసారి బండి నడిపిన రోజు, ఇంజనుకి ఆరు పెట్టెలు తగిలించి, పక్కకి మళ్లే లూపు లైను పాయింటు నొక్కాను. పచ్చ వచ్చింది. బండి మాత్రం లూపులోకి పోకుండా తిన్నగా మెయిన్ లైనులోకే పోయి, అక్కడ ఆగి ఉన్న బొగ్గు వ్యాగన్లని గుద్దింది. రెండు వ్యాగన్లు కృష్ణలో పడ్డాయి.

మోటారు వైరు ఊడి ఉంది. ఆ వైరుని, దాన్ని అమ్మినవాణ్ణి, తయారుచేసిన కంపెనీని, ఆ కంపెనీ వెనక ఉన్న వ్యవస్థని వరసగా తిట్టాను. బాబాయిగారు వ్యాగన్లు ఏరి, తువ్వాలుతో తుడుస్తూ అంతా విన్నారు.

“అయిందా?”

“అయింది.”

“వైరు ఊడుద్ది. ఊడక ఏం చేసుద్ది? నాకొక్కటి చెప్పు. ఆ పచ్చరంగు ఎవరేశారు? పాయింటు వేసిందా, నువ్వేశావా?”

“నేనే. నొక్కగానే పచ్చ వచ్చేలా రాశాను.”

“అంటే నువ్వు చెప్పావు కాబట్టి అయిపోయినట్టేనని.”

ఊడిన వైరు బిగించడానికి వంగాను.

“చెప్పడం వరకే నీ పని. పడిందో లేదో పాయింటు చెప్పాలి. అది చెప్పేదాకా పచ్చ వెయ్యకు.”

ఆ తర్వాతే నేను మీ ఇళ్లకి వచ్చి, పాడైపోయిన కంప్యూటర్ మౌస్‌లు ఉంటే ఇమ్మని అడిగింది. ఎందుకో అప్పుడు ఎవరికీ చెప్పలేదు. మౌస్ నొక్కితే టిక్కుమనే చిన్న స్విచ్చు లోపల ఉంటుంది. పాయింటుకి రెండేసి చొప్పున వాటిని బిగించాను. పట్టా మొన వెళ్లి గట్టిగా ఆనుకుంటేనే స్విచ్చు టిక్కుమంటుంది. అప్పుడే టాబ్ మీద పచ్చ. అప్పటిదాకా పసుపు రంగు మినుకుమినుకుమంటూ ఉంటుంది.

బాబాయిగారు అక్కడితో ఆగారా? జేబులోంచి అగ్గిపెట్టె తీశారు. పట్టా మొన ఆనుకోవాల్సిన సందులో ఒక అగ్గిపుల్ల అడ్డం పెట్టారు.

“ఇప్పుడు నొక్కు.”

నొక్కాను. పుల్ల అడ్డం ఉండగానే పచ్చ వచ్చింది.

“అబద్ధమాడుతోంది,” అన్నారు, దొంగని పట్టుకున్నంత సంబరంగా. స్విచ్చు అర వెంట్రుక జరిపాను. మళ్లీ పుల్ల. మళ్లీ అబద్ధం. అలా పద్నాలుగింటికీ. రైల్వేలో ఈ పరీక్ష ఇనుప ముక్క పెట్టి చేస్తారట. “మనది చిన్న రైల్వే, పుల్ల చాలు” అనేవారు. చివరిదాకా ప్రతి ఆదివారం పుల్ల పెట్టి చూడందే బండి కదలనివ్వలేదు. అన్నీ నిజం చెబుతున్నాయని తేలాక కూడా, టాబ్ మీద పచ్చ రాగానే నడుం మీద చెయ్యి వేసుకుని వంగి, ఆ పాయింటు వంక ఒకసారి చూసేవారు.

“టాబ్ చెప్పిందిగా బాబాయిగారూ!” అని విసుక్కునేదాన్ని.

“చెప్పింది. చూసినంత మాత్రాన దానికేం కోపం రాదులే. నీకే వస్తోంది.”

ఆయన అగ్గిపుల్ల నా రాతల్నీ వదల్లేదు. మన వీధి మురుగుకాలువలో హాస్టలు వాళ్లు చెత్త పోస్తున్నారని ఒకసారి కరపత్రం వేశాను, గుర్తుందా? రెండు పేజీలు. అందర్నీ రమ్మన్నాను. ఒక్కరూ రాలేదు. ఈ జనం మారరని బల్ల దగ్గరికొచ్చి అరిచాను.

“ఎవరికి రాశావు?”

“అందరికీ.”

“అందరికీ అంటే ఏ ఇంటికమ్మా?”

చెప్పులేసుకుని నన్ను వెంటబెట్టుకుని బయల్దేరారు. మొదటి ఇంట్లో మామ్మగారు, “కాయితం వచ్చిందమ్మా, అక్షరాలు చీమల బారులా ఉన్నాయి, వదిలేశా” అన్నారు. రెండో ఇంట్లో ఆంటీ నా కరపత్రం తెచ్చి నా చేతికే ఇచ్చి, “అంతా చదివానే. బానే తిట్టావు. కానీ ఎప్పుడు రావాలి, ఎక్కడికి రావాలి?” అంది. చూసుకున్నాను. రెండు పేజీల్లో ఎక్కడా రాయలేదు.

మెట్లు దిగుతూ బాబాయిగారు అన్నారు: “తిట్లలో మాత్రం ఒక్కటీ మర్చిపోలేదు సుమా.”

ఇక ఆ వరండా సంగతి. ఆయన పోయిన మూడో రోజున, బల్లని ఆ గదిలోనే ఉంచమని అర్జీ రాసి, హాలు గుమ్మం పక్కనున్న సలహాల పెట్టెలో వేశాను. పెద్దకర్మ మర్నాడు చూస్తే బల్ల వరండాలో ఉంది. హాల్లో ఎవరిదో ఓణీల ఫంక్షను, వంటవాళ్లకి గది కావాల్సి వచ్చిందట. నా అర్జీ చదివి కూడా ఇలా చేశాడా అని ఒళ్లు మండిపోయింది. గంటలో కరపత్రం రాసేశాను. అందులో కార్యదర్శిగారిని ఏమన్నానో ఇక్కడ చెప్పను. జిరాక్స్ షాపు దాకా వెళ్లి, మెట్ల మీద ఆగాను. ఆయన చదివారని నాకెవరు చెప్పారు? వెనక్కి తిరిగి నేరుగా వాళ్లింటికి వెళ్లాను. మొక్కలకి నీళ్లు పోస్తున్నారు.

“రామ్మా. తిట్టడానికే వచ్చుంటావు. ముందు కూర్చో.”

“నా అర్జీ చదివారా అండీ?”

“ఏ అర్జీ?”

“సలహాల పెట్టెలో వేసింది.”

“ఆ పెట్టె తాళంచెవి పాత కమిటీ వాళ్లతోనే పోయింది కదమ్మా. నేనొచ్చాక దాన్ని తెరిచిందే లేదు. రోజూ నీ షాపు ముందునుంచేగా పోతా, ఒక్క కేకేసి చెప్పొచ్చుగా?”

“మీరు పిన్నిగార్ని అడగొచ్చుగా?”

ఆయన నీళ్ల చెంబు కింద పెట్టారు.

“అడగాల్సింది,” అన్నారాయన.

వెళ్లి తాళం పగలగొట్టాం. నా అర్జీ ఉంది. దాని కింద, మెట్ల దగ్గర లైటు వెయ్యమని ఎవరో ఎప్పుడో రాసిన చీటీ, రెండు బల్లి గుడ్లు. అడక్కుండా మోయించడం కార్యదర్శిగారి తప్పు, అది తప్పుగానే ఉంది. పెట్టెలో పడేసి చెప్పేశాననుకోవడం నాది. ఆ సాయంత్రమే ఆయన పిన్నిగారి దగ్గరికి వెళ్లి మాట్లాడారు. దగ్గరుండి బల్లని మళ్లీ గదిలోకి చేర్పించారు.

కానీ అయిపోలేదు. ఆ గది వేరే పనులకి కావాలని కమిటీలో కొందరి మాట. ఈ ఆదివారం సాయంత్రం ఆరింటికి వాళ్లు కూర్చుని తేలుస్తారు. బల్ల కావాలనేవాళ్లు ఉన్నారని కళ్లకి కనబడితే ఉంచుతారు. లేకపోతే తియ్యాలి. పిన్నిగారివి రెండు గదులు, అందులో అది పట్టదు. రంపంతో ముక్కలు చెయ్యడం తప్ప దారి లేదు. అందుకే వాళ్లు కూర్చునే ముందే, అందరి ఎదుటా బండి నడిపి చూపిద్దామనుకున్నాను.

బల్ల కింద దూరి చూశాను. మోటార్లు పద్నాలుగూ బాగానే ఉన్నాయి. నిలువుగా ఆనించినప్పుడు తొమ్మిది పాయింట్ల దగ్గర మౌస్ స్విచ్చులు విరిగిపోయాయి. ఆదివారంలోగా మళ్లీ అన్ని మౌస్‌లు దొరకవు. ఆ తొమ్మిదీ పసుపు దగ్గరే మినుకుమంటూ ఉండిపోతాయి. నొక్కగానే పచ్చ వచ్చేలా మార్చడం రెండు నిమిషాల పని, చూసేవాళ్లెవరికీ తెలియదు కూడా. ఆ పని నేను చెయ్యను. నాకు కోపం ఎప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఆ కోపం ఎవరికి ఎంతవరకు చేరిందో వెళ్లి చూసుకునే అలవాటు మాత్రం ఆయన పెట్టిందే. ఇంత రుణం ఆయన ఉండగా ఒక్కసారి కూడా నోటితో ఒప్పుకోలేదు. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

కాబట్టి నాకు తొమ్మిది మంది కావాలి. ఒక్కో పాయింటు దగ్గర ఒక్కరు నిలబడి, వంగి, మొన ఆనుకుందో లేదో కంటితో చూసి, గట్టిగా “పడింది” అని చెప్పాలి. అంతకుమించి ఏమీ రానక్కర్లేదు. మిగతావాళ్లు చూడడానికి రండి. టాబ్ పిన్నిగారి చేతిలో ఉంటుంది. ఆవిడ ఇంతవరకు దాన్ని ముట్టుకోలేదు. మీకు వచ్చా అంటే, “పెళ్లయిన కాణ్ణించీ ఆయన పాయింటు పడిందని స్టేషను మాస్టర్లకి చెప్పడమే విన్నానే. ఒక్కసారి నాకూ ఎవరన్నా చెబితే వినాలనుంది” అన్నారు.

ఆవిడ ఒక్కో పాయింటూ నొక్కుతారు. తొమ్మిది తలలు బల్ల మీదికి వంగి ఉంటాయి. చీరల కొంగులు, చొక్కా జేబుల్లోంచి జారే కళ్లజోళ్లు చేత్తో పట్టుకోవాల్సి వస్తుంది. ఆ మొహాల కిందుగా, ఊక చేల పక్కనుంచి, నీలం రెగ్జిను మీదుగా, ఆరు పెట్టెల బండి నెమ్మదిగా వస్తుంది.

ఆదివారం సాయంత్రం అయిదు గంటలకి, హాలు పక్క గదిలో. పది నిమిషాలు ముందే వస్తే ఎవరు ఏ పాయింటు దగ్గర నిలబడాలో చూపిస్తాను.