సిర్పూర్ విహారం నుంచి పెందరాళే తిరిగి రావడం

మాఘ పున్నమికి మహానది ఒడ్డునున్న సిర్పూర్ వెళదామన్నది మా పక్క క్వార్టరు శాంతాదీదీ. నాగపూర్ నుంచి వచ్చిన బౌద్ధురాలు, భిలాయిలో నర్సు. ఊపిరిని గమనిస్తూ కూర్చోవడం నాకు నేర్పింది ఆవిడే.

నాకున్నది మనసు జబ్బు. కొన్ని నెలలు మంచం దిగలేను, పాఠాలు చెప్పే బడికి సెలవు పెట్టేస్తాను. మరికొన్ని వారాలు నిద్రే అక్కర్లేదు, లోకమంతా నా కోసమే వెలిగినట్టుంటుంది. అలాంటి రోజుల్లో ఒకసారి నా పెళ్ళి చీరలన్నీ భిలాయి పక్కనున్న హథ్‌ఖోజ్‌లో కనబడినవాళ్ళందరికీ పంచేశాను. మా పుట్టింటివైపు విశాఖ డాక్టరు మాత్రలిచ్చి, నిద్ర మాత్రం పోగొట్టుకోవద్దని గట్టిగా చెప్పాడు. అందుకే స్టీలుప్లాంటు రోలింగు మిల్లులో ఫోర్‌మన్ అయిన మావారు కూడా సెలవు పెట్టి నాతో బయలుదేరారు.

శనివారం తెల్లవారుతూనే దీదీతో కలిసి ముగ్గురం పాసింజరు ఎక్కాం. రాయపూర్ స్టేషను బయట అటుకుల పోహా తిని, ఆరంగ్ మీదుగా వెళ్ళే బస్సు పట్టుకున్నాం. సిర్పూర్‌లో అవి మేళా రోజులు. ముందుగా వెళితేనే సీటు దొరుకుతుంది. పక్కనున్న ముసలావిడ, శివుడి దర్శనానికా అని అడిగింది. బుద్ధుడి దగ్గరికన్నాను. ఆయన కూడా తమ ఊరివాడేనని చెప్పి, ఉడికించిన చిలగడదుంప నా చేతిలో పెట్టింది. మహానది దాటాక మలుపులో దిగి, ఎడ్లబండి మాట్లాడుకుని, మధ్యాహ్నం లోపే చేరుకున్నాం.

తవ్వకాల్లో బయటపడ్డ ఎర్రిటుకల విహారం అది. చుట్టూ భిక్షువుల గదులు, లోపల మనిషిని మించిన ఎత్తున కూర్చున్న బుద్ధుడు, కుడిచేతి వేళ్ళు నేలను తాకుతూ. నాగపూర్ నుంచి వచ్చిన ముసలి భిక్షువు మా అందరినీ ధ్యానంలో కూర్చోబెట్టారు. రాత్రంతా వెన్నెల్లో కూర్చోవాలని ఏర్పాటు. దానికోసం నేను నెలరోజులుగా ఎదురుచూస్తున్నాను.

ఎండ వాలేవేళకి, గమనిద్దామంటే ఊపిరి నాకు అందడం మానేసింది. ఇటుకలు మరీ ఎర్రబడ్డాయి. ప్రతి ముఖమూ ఎప్పటినుంచో తెలిసినదిలా ఉంది. గుండు చేయించుకుని ఇక్కడే ఉండిపోవాలనిపించింది. ఎంత తియ్యటి ఆలోచనో అది! అప్పుడు గుర్తొచ్చింది, ప్రయాణం సంబరంలో ముందురాత్రి కూడా నేను నిద్రపోలేదు. ఎప్పుడూ ఇతరులే ముందు పసిగట్టేవారు, నేనేమో వాళ్ళతో పోట్లాడేదాన్ని. ఈసారి మావారి పక్కకి వెళ్ళి కూర్చున్నాను.

"ఏవండీ, నాకొస్తన్నాది. రాత్రి ఇక్కడుండొద్దు, ఎలిపోదాం."

"ఏటి కనకం? నెమ్మదిగానే కూకున్నావు కదా?"

"లోపల ఉరుకుతోందండీ."

భిక్షువుకి నా జబ్బు సంగతి హిందీలో ఉన్నదున్నట్టు చెప్పాను. చులకనగా చూస్తారేమోనని భయపడ్డాను. ఆయన నా ముఖంలోకి చూసి, "వెళ్ళి నిద్రపో బేటీ. ఈ రాత్రికి నీ సాధన అదే," అన్నారు.

శాంతాదీదీ రాత్రి ధ్యానానికి అక్కడే ఆగింది. బండి కదులుతుంటే ఏడ్చాను. ఉండిపోవాలని అంతగా ఉంది.

రాయపూర్‌లో రాత్రి రైలు ఎక్కాక, మావారికి తెలిసిన ప్లాంటు గుమాస్తా ఒకాయన ఎదురుసీట్లో కూర్చుని, సిర్పూర్ నుంచి వస్తున్నామని విని, పున్నమి రాత్రి చూడకుండానే వచ్చేశారేమని అడిగాడు. ఇన్నేళ్ళూ మావారు నా జబ్బుని జ్వరమనే చెప్పేవారు.

"మా ఆవిడికి మనసు జబ్బుందండి," అన్నారు. "ఇయ్యాల అది ముదరకముందే తనే పట్టీసింది. పక్కనే ఉండి నాకే తెల్లేదు."

మిల్లులో కొత్త రైలుపట్టాలు మొదటిసారి సాఫీగా దిగిన రోజున కూడా ఆయన గొంతు అంత గర్వంగా వినలేదు నేను. మాత్ర వేసుకుని ఆయన భుజం మీద తల వాల్చాను. భిలాయిలో ఆయన లేపితే గానీ లేవలేదు.

సిర్పూర్ తప్పకుండా వెళ్ళండి. అక్కడ హోటళ్ళు లేవు, తిండి తీసుకెళ్ళండి. నాలాంటి జబ్బున్నవాళ్ళు మాత్రలూ, మాట వినే మనిషినీ కూడా వెంటబెట్టుకోండి. ఇదివరకు నా ప్రయాణాలు రెండు ఆసుపత్రిలో ముగిశాయి. ఈసారి సోమవారం పొద్దున్న చీర కుచ్చిళ్ళు సర్దుకుని, బడికెళ్ళి, ఆరో తరగతికి పాఠం చెప్పాను.