దుబాసీ అక్కర్లేని మనిషి

నా చివరి విద్యార్థిని పోయిన ఆదివారం కన్నుమూసింది. పటాన్‌చెరులో నేను అద్దెకుండే ఇంటికి ఆమె కోడలు ఫోన్ చేసి, "సారూ, మా అత్త పోయింది. మీకు చెప్పమని ముందే చెప్పి పెట్టింది" అంది. సమాధి కార్యక్రమానికి వెళ్లాను. వాళ్ల చర్చికి ఏటా అమెరికా నుంచి అతిథులు వస్తారు. వాళ్ల మాటలు తెలుగులోకి, వీళ్ల మాటలు ఇంగ్లీషులోకి మార్చే దుబాసీ ఒకాయన ఉన్నాడు. ఆయన ఆమె పెట్టె పక్కన నిలబడి, "ఏనాడూ నోరు మెదపని తల్లి" అన్నాడు. ఆ అబద్ధం అలా నిలిచిపోకూడదని ఇది రాస్తున్నాను.

నేను ఫ్యాక్టరీ కాలనీ స్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. పాఠం మానేసి కబుర్లు చెబుతానని మా హెడ్మాస్టరు నా మీద పైవాళ్లకు ఫిర్యాదు రాశాడు. కబుర్లతోనే భాష వస్తుందని ఆయనకు చివరిదాకా తెలియలేదు. నెలలో ఇంగ్లీషు నేర్పిస్తామని బోర్డులు కట్టుకున్నవాళ్లకూ తెలియదు. ఈమెకు మొదటి రోజే తెలుసు.

"సారూ, నాకు ఏబీసీడీలు వద్దు. మా చర్చికొచ్చే అమెరికోళ్లు మా ఊర్ల బోరింగు ఏసిచ్చిండ్రు. నీళ్లు పసుపు లెక్క వస్తున్నయ్, ఒకటే వాసన. తాగుతలేమని చెప్తే మా దుబాసీ ఇంగ్లీషుల ఏం చెప్తడో ఏందో, ఆళ్లు నవ్వుకుంట చప్పట్లు కొడ్తరు. ఇప్పుడు ఇంకోటి ఏయిస్తరంట! ఆళ్లొచ్చేలోపు నేర్సుకోని నేనే చెప్పాలె."

"ఎవరితో మాట్లాడుతున్నావో తెలిస్తే మాటలు అవే వస్తాయి చెల్లెమ్మా" అన్నాను.

అలా మా చదువు అమెరికా మీదికి మళ్లింది. నేను ఆ దేశం చూడలేదు, చదివానంతే. అక్కడ ఊరి సభల్లో ఎవరైనా లేచి తమ బాధ చెప్పుకోవచ్చని చెప్పాను. ఆమె కళ్లు పెద్దవయ్యాయి.

"కూసోని చెప్తరా, నిలబడా? ఆడోళ్లు గూడనా? సర్పంచ్ మధ్యల ఆపితే? చెప్పినంక చాయ్ ఇస్తరా?"

"చాయ్ సంగతి నాకు తెలీదు."

"గన్ని బుక్కులు సదివిండ్రు, గదే తెల్వదా!"

ఆమె వెళ్లాక అల్మారా అంతా వెతికాను. దొరకలేదు. కానీ చాలా ఏళ్లకు నా చేత మళ్లీ పుస్తకాలు తెరిపించిన మనిషి ఆమే.

తర్వాత మా వరండాలోనే సభ పెట్టాం. నేను అధ్యక్షుణ్ణి. ఆమె వంటింటి గుమ్మంలో నిలబడి ఇంగ్లీషులో ఫిర్యాదు చెప్పేది. ప్రతిసారీ థాంక్యూతో మొదలుపెట్టేది. "అది అనకు. అది వినగానే వాళ్లు చప్పట్లు మొదలుపెడతారు" అన్నాను. పడీపడీ నవ్వింది. "నిజమే సారూ. అడిగేది గట్టిగ అడగాలె, ఏడ్సుకుంట అడగొద్దు" అంది. ఆ మాట ఆమె తరచూ అనేది.

అతిథులు వచ్చిన రోజు నన్నూ చర్చికి రమ్మంది. చివరి వరుసలో కూర్చున్నాను. దుబాసీ రెండో బోరింగు సంగతి ప్రకటించబోతుండగా ఆమె లేచి ముందుకు వెళ్లింది.

"దిస్ వాటర్ ఈజ్ నాట్ గుడ్."

"ఆమెన్!" అంది సభ మొత్తం. ఆ చర్చిలో ముందు నిలబడి ఇంగ్లీషులో ఏం మాట్లాడినా ప్రార్థనే అనుకుంటారు.

"వియ్ డోంట్ డ్రింక్ ఇట్."

"హల్లెలూయా!"

దుబాసీ ముఖం వెలిగిపోయింది. ఆమె గిర్రున వెనక్కి తిరిగింది. "ఏ, జెర ఆగుండ్రి! ప్రార్థన గాదిది, నీళ్ల ముచ్చట!"

అందరూ నోళ్లు మూశారు. ఆమె అతిథుల వైపు తిరిగి మళ్లీ మొదటి నుంచి చెప్పింది. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వాళ్లలో ఒక ముసలావిడ లేచి "షో మీ" అంది. దుబాసీ తెలుగు చెయ్యబోయాడు.

"నాకు సమజైంది" అంది నా విద్యార్థిని.

ఆ తర్వాత రెండో బోరింగు మాట ఎవరూ ఎత్తలేదు. మంచినీళ్ల కోసం ఆ ఊరు ఇంకా అడుగుతూనే ఉంది, కాకపోతే ఇప్పుడు గట్టిగా. నేను మాత్రం ఆ మధ్యాహ్నాన్నే తలుచుకుంటాను. మైకు వైరు గుమ్మం దాకానే వచ్చింది. దుబాసీ అక్కడే ఆగిపోయాడు. బయట ఎండలో, బోరింగు దగ్గర, ఇద్దరు ముసలి ఆడవాళ్లు ఒకే దోసిలి మీదికి వంగి, నీళ్ల రంగు చూస్తున్నారు.