గాజులైపోయిన చంద్రలోకం

చార్మినార్ దగ్గర గాజుల దుకాణంలో ఆ రోజు నా గుండె ఆగినంత పనైంది. శ్రావణమాసం. కొత్తగా పెళ్లయిన చెల్లెలికి గాజులు తీసుకుందామని వెళ్లాను. మట్టిగాజులు ఒక డజను ఏరుకున్నాక, కొత్త ఫ్యాషన్‌వి కూడా చూపించమన్నాను. దుకాణం భాయ్ ఎర్రవీ పచ్చవీ సెల్యులాయిడ్ గాజులు ముందు పోసి, "లే లో బేటీ, కింద పడ్డా పలగవు" అన్నాడు. ఒకదానికి రంగు సరిగా పట్టలేదు. లోపలివైపు ఏదో మచ్చ ఉంది. నా అలవాటు పాడుగాను, ఎత్తి వెలుతురుకు పట్టాను.

మచ్చ కాదు, బొమ్మ. ఇత్తడి బిందెను కోసి అద్దం బిగించిన టోపీ పెట్టుకుని ఒక అమ్మాయి. ముఖం నల్లగా ఉంది. అద్దంలోంచి కనిపించే జుట్టు తెల్లగా ఉంది.

నేను అప్పట్లో ఫిల్ము కోసి అతికించే గదిలో పనిచేసేదాన్ని. అరిగిపోయిన సినిమా ప్రింట్లు గాజుల వాళ్లకు పోవడం నాకు వింత కాదు. మా స్టూడియో నుంచీ పోయేవి. వాళ్లు వేడినీళ్లలో బొమ్మను కడిగేసి, రంగు వేసి, గాజులు చుట్టేవాళ్లు. కానీ ప్రింటులో ముఖం తెల్లగా, జుట్టు నల్లగా ఉంటాయి. అవి తారుమారయ్యేది నెగటివ్‌లోనే. నెగటివ్ ఉంటే ఎన్ని ప్రింట్లయినా తీసుకోవచ్చు, అది పోతే సినిమా పోయినట్టే. నా చేతిలో ఉన్నది మా డైరెక్టరు గారి సినిమా నెగటివ్.

ఆయన మొదట సినిమా బోర్డులకు రంగులు వేసేవాడు. మద్రాసు పోయి, పౌరాణికాల్లో బాణాలు ఢీకొని నిప్పులు రాలే ట్రిక్కులు నేర్చాడు. తిరిగొచ్చి పాతబస్తీలో ఒక నవాబు గారి పాడుబడ్డ బంగళా, దేవిడీ అంటారు, అద్దెకు తీసుకుని, దాని వాకిట్లో సున్నమూ బూడిదా పోయించి చంద్రలోకం కట్టాడు. ఉప్పుగూడ రైల్వే స్టేషన్లో పనిచేసే అమ్మాయికి చంద్రుడి మీద నుంచి తంతి వస్తుంది, ఆమె అక్కడికి బయలుదేరుతుంది. ఐదు భాగాల కథ, నెలకొక భాగం. మా బాపు అయితే "బూడిదల సినిమా ఏంది, పిచ్చి గిట్ల లేసిందా?" అన్నాడు. అదే బాపు రెండో భాగానికి టాకీసు ముందు తొక్కిసలాటలో చెప్పులు పోగొట్టుకుని వచ్చాడు. నాలుగో భాగం చివర అమ్మాయి ఆకాశనౌక చెడిపోతుంది. ఆమె ఇంటికి వస్తుందా రాదా అని ఇరానీ హోటళ్లలో ఒకటే లొల్లి. ముగింపు తీసిన మా నలుగురైదుగురికే తెలుసు, ఇంట్లో కూడా చెప్పకూడదని డైరెక్టరు గారు మాతో ఒట్టు వేయించుకున్నాడు.

ముందు భాగాలకు ఒక ప్రింటు తీసుకుని, దాన్ని కోసి చూసుకున్నాకే నెగటివ్ ముట్టుకునేవాళ్లం. ఐదోదానికి ముడి ఫిల్ము దొరక్క నేరుగా నెగటివ్ మీదే కత్తెర వేశాం. ఆరు డబ్బాలు. అవి తప్ప ఐదో భాగం ఎక్కడా లేదు.

ఆ గాజు కొనుక్కుని దుకాణం మెట్ల మీద కూర్చున్నాక ఏం జరిగిందో అర్థమైంది. గాజుల వాళ్లకు పోవాల్సిన డబ్బాల మీద ఎర్రరంగుతో అడ్డగీతలు వేసేవాళ్లం. కొత్త డబ్బాలు కరువు కాబట్టి, ఖాళీ అయి తిరిగొచ్చిన వాటిలోనే నెగటివ్ పెట్టి, గీతలు కనపడకుండా మైదా బంకతో గుడ్డపట్టీ అంటించి పైన పేరు రాసేవాళ్లం. ఆ ఏడు వానలకు పట్టీలు బూజుపట్టాయి. అన్నీ పీకేసి, కొత్తవి అంటిద్దామని బంక ఉడకబెడుతున్నాను. అంతలో చెల్లెలి పెళ్లివారు దిగారని ఇంటి నుంచి కబురొచ్చింది. పొయ్యి ఆర్పేసి లేచిపోయాను. పది రోజులకు తిరిగొచ్చేసరికి డబ్బాలు లేవు. డైరెక్టరు గారు పాటల పని మీద మద్రాసులో ఉన్నాడు, అక్కడి ల్యాబుకే పోయాయనుకున్నాను. ఎవర్నీ అడగలేదు. ఎంత మొద్దుదాన్ని! పట్టీలు లేక బయటపడ్డ ఎర్రగీతలు చూసి గాజుల వాళ్లు వాటినీ పట్టుకుపోయారు.

డైరెక్టరు గారు ఆ ఉదయమే మద్రాసు నుంచి దిగాడు. గాజు ఆయన చేతిలో పెట్టి అంతా చెప్పాను. చెంప పగులుతుందనే అనుకున్నాను. ఆయన గాజును వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు.

"ఎన్ని డబ్బాలు బిడ్డా?"

"ఆరు సార్. అన్నీ."

"ఎవరికన్న చెప్పినవా?"

"లేదు."

"చెప్పకు. నడు, పోయి చూద్దాం."

గాజుల కార్ఖానాలో ఒకామె తొట్టి ముందు కూర్చుని ఫిల్ము కడుగుతోంది. ఆయన అందులో చెయ్యి పెట్టి ఒక ముక్క తీశాడు. మీద ఏమీ లేదు, వట్టి అద్దంలా ఉంది.

"గా ఆరు డబ్బాలది మొన్ననే కడిగిన సారూ," అందామె. "కడిగేముందు జర ఎండకు పట్టి చూస్త. గా పిల్ల ఆడ ఒక్కతే కూసున్నది. ఇంటికొచ్చిందా?"

"వచ్చింది తల్లీ. మంచిగ వచ్చింది."

రాలేదు. చివరి షాటులో ఆమె భూమిని చూస్తూ అక్కడే ఉండిపోతుంది. అతికించింది నేనే. ఆయన అబద్ధమాడగా వినడం అదే మొదలు.

రెండోది మర్నాడు విన్నాను, టాకీసు ముందు, జనమంతా వింటుండగా. "ఐదో భాగం లేదు. డబ్బాలు గాజులోళ్లకు నేనే పంపిన. తప్పు నాది" అన్నాడు. కాసేపు ఎవరూ నమ్మలేదు. తర్వాత ఎవడో "గాజులు తొడుక్కో పో!" అని అరిచాడు. ఆడవాళ్ల వైపు నుంచి నేను ఒక అడుగు ముందుకు వేశాను. ఆయన నన్ను చూసి, వద్దన్నట్టు తల ఊపాడు. ఆగిపోయాను. ఊపకపోతే చెప్పేదాన్నేనని రాసుకోవాలని ఉంది, కానీ నా సంగతి నాకు తెలుసు. మర్నాటికి ఆయన ఇంటి తలుపుకు ఎవరో గాజుల దండ కట్టారు.

ఆ తర్వాత ఆయన చేతికి ఎవరూ సినిమా ఇవ్వలేదు. మళ్లీ బోర్డులకే రంగులు వేశాడు. దేవిడీ ఖాళీ చేసేటప్పుడు నన్ను పిలిచి, నాకు పని ఇమ్మని మద్రాసు ల్యాబుకు ఒక ఉత్తరం రాసిచ్చాడు. కవరు అంటించలేదు. రైల్లో తీసి చదివాను.

"ఈ అమ్మాయి చాలా జాగ్రత్త గలది. డబ్బాలు ఈమె చేతికిచ్చి మీరు నిశ్చింతగా ఉండవచ్చు."