మిషనత్త చూసిన వీధి

ఆ వాడలో అందరూ ఆమెను మిషనత్త అనేవారు. వీధి వైపు కిటికీ పక్కన కుట్టుమిషను వేసుకుని, కాళ్లతో తొక్కుతూ కళ్లతో వీధినంతా చుట్టివచ్చేది. ఎవరు ఎవరితో మాట మానేశారో, ఎవరి గొడుగు ఎవరింట్లో ఉండిపోయిందో అన్నీ ఆమెకు కంఠతా. అలాంటి మనిషి మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. మంచం వేసేంత చోటు వెనక గదిలోనే ఉంది. అక్కడి కిటికీలోంచి కనిపించేది పక్కింటి గోడ ఒక్కటే.

"గోడతో ఏం మాట్లాడనండీ? అది ఊ కూడా కొట్టదు," అని భర్త మీద విసుక్కునేది.

ఆయన బస్సు కండక్టరు. పగలంతా అరిచి అరిచి, ఇంటికొస్తే నోరు మెదపడు. ఒకనాడు డ్యూటీ దిగి వస్తూ, పాత సామాన్ల కొట్లోంచి అద్దం కట్టిన పటమొకటి చంకన పెట్టుకొచ్చాడు. ఎప్పటిదో, సిరాతో గీసిన వీధి బొమ్మ. కాగితం పసుపుబారింది. మంచానికి ఎదురుగా మేకు కొట్టి తగిలించాడు.

"రంగూ లేదు, పాడూ లేదు. ఏమిటండీ ఈ నల్ల గీతలు?"

"నీకు వీధి కావాలన్నావుగా," అని ఆయన వంటింట్లోకి వెళ్లిపోయాడు.

కాసేపటికి కెవ్వుమన్న కేక. ఆయన చేతిలో గరిటెతోనే పరుగెత్తుకొచ్చాడు.

"అయ్యో, చెవి తెగిపోతుందండీ!"

"ఎవరిదే?"

బొమ్మలో మంగలి ఒకాయనకు గడ్డం గీస్తున్నాడు. కుళాయి దగ్గర ఇద్దరాడవాళ్లు తగువులాడుకుంటున్నారు. కత్తి చెవి పక్కనుందన్న ధ్యాస లేకుండా ఇద్దరు మగవాళ్లూ ఆ తగువే చూస్తున్నారు. ఆలుమగలు పడీపడీ నవ్వారు. నవ్వు ఆగాక ఆయన పటం ముందే నిలబడిపోయాడు.

"ఈ మూట మోసేవాడి మెడ చూడవే. ఒక్కటే గీత. చూస్తుంటేనే నా మెడ లాగేస్తోంది," అన్నాడు. పెళ్లయ్యాక ఆయన ఒక్క గుక్కలో అంత పొడుగు మాట మాట్లాడటం ఆమె ఎరగదు.

ఆపైన రోజూ అదే కాలక్షేపం. వండిపెట్టడానికి వచ్చే ఆడపడుచు కూడా జతకలిసింది. బొమ్మలో ఒకావిడ గుడ్డ కప్పిన బుట్ట పట్టుకుని నడుస్తోంది. అందులో ఏముందన్నది తేలలేదు.

"కోళ్లు వదినా, పందెం!"

"కోళ్లయితే అంత కుదురుగా ఉంటాయా? కుట్టుపని తీసుకెళ్తోంది."

కట్టు విప్పేశారు. నడవమన్నాడు డాక్టరు. మళ్లీ పడతానేమోనన్న భయంతో ఆమె మాత్రం మంచం దిగలేదు. ఎవరెంత బతిమాలినా అంతే.

ఒక సాయంత్రం గుమ్మంలోంచి ఏటవాలు ఎండ పటం మీద పడింది. బుట్ట అంచున సన్నగా ఏవో గీతలు కనిపించాయి. ఆడపడుచును కేకేసింది. దొడ్లో బట్టలుతుకుతున్న ఆమెకు వినపడలేదు. మిషనత్తకు ఆగబుద్ధి కాలేదు. గోడ పట్టుకుని లేచింది, వెళ్లి అద్దానికి ముక్కు ఆనించింది. గుడ్డ కిందనుంచి ఒక చెవి, నాలుగు మీసాలు!

"పిల్లే! ఇది పిల్లే!"

సబ్బు చేతులతో వచ్చిన ఆడపడుచు గుమ్మంలోనే ఆగిపోయింది. "పిల్లి సంగతి తర్వాత! వదినా, నువ్వు నిలబడ్డావే!"

మిషనత్త తన కాళ్ల వంక చూసుకుని, తనే నమ్మలేక నవ్వేసింది.

ఇప్పుడు ఆ పటం మిషను పైన గోడకుంది. కుట్టు ఆలస్యమైందని దెబ్బలాడటానికి వచ్చినవాళ్లు, బొమ్మ ముందు నిలబడి ఎందుకొచ్చారో మరిచిపోతారు.